నాటి ఎస్.డి.కె. – నేటి ఎస్.డి.కె.

(పెన్షనర్ల దినోత్సవం నాడు మన సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం. కార్యదర్శి గారి కోరికపై ప్రత్యేక సంచిక కోసం రాసి ఇచ్చినది.)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు ఇస్తూ, పెన్షన్ అనేది దయతలచి ఇచ్చే దానం కాదని, చేసిన సేవకు దక్కే హక్కు అని చెప్పింది. ఏటా ఈ సభలో డి.ఎ. గురించో, వైద్యం బిల్లుల గురించో మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శి గారు ఫోను చేసి, "మీరేవో పెట్టెలు తయారు చేస్తున్నారట, వాటి గురించి ఓ అరగంట చెప్పండి" అన్నారు. నేను వెంటనే ఒప్పుకున్నాను. నా గొప్ప చెప్పుకోవడానికి మాత్రం కాదు. నేను చేసిన పెట్టెల్లో ఒకటి ఒక మనిషికి చేటు చేసింది. ఆ మనిషి ఈ సభలోనే రెండో వరుసలో కూర్చుని ఉన్నారు. ఆయన అనుమతితోనే ఈ సంగతి మీ ముందు పెడుతున్నాను.

ముందుగా కుటుంబ సభ్యుల కోసం రెండు మాటలు. కంప్యూటర్ అనగానే బల్లమీద తెర, కీబోర్డు గుర్తొస్తాయి. కాని మన చుట్టూ పనిచేసే కంప్యూటర్లలో చాలావాటికి తెరా లేదు, కీబోర్డూ లేదు. బట్టలుతికే యంత్రంలో ఒకటి ఉంటుంది. లిఫ్టులో ఉంటుంది. గోడమీది కరెంటు మీటరులో, చేతికి పట్టీ చుట్టి బి.పి. చూసుకునే మిషనులో, టీవీ రిమోటులో కూడా వేలిగోరంత చిప్పు ఒకటి ఉండి, తనకు అప్పగించిన ఒక్క పనినే ఏళ్ళ తరబడి చేస్తూ ఉంటుంది. వీటిని ఎంబెడెడ్ సిస్టమ్స్ అంటారు. నగలో రాయి పొదిగినట్టు యంత్రంలో పొదిగిన కంప్యూటర్ అన్నమాట. ఇలాంటి వాటికి ప్రోగ్రాము రాయడం అప్పుడెలా ఉండేది, ఇప్పుడెలా ఉంది, ఈ మార్పులో మనం ఏమి పోగొట్టుకునే ప్రమాదముంది అన్నదే నేటి విషయం.

మనలో 1980 ప్రాంతంలో ఉద్యోగంలో చేరినవారికి ఎస్.డి.కె. అన్న మూడక్షరాలు కొత్తవి కావు. ఇంటెల్ కంపెనీ 8085 మైక్రోప్రాసెసర్‌ను నేర్చుకునేవారి కోసం ఒక బోర్డు తెచ్చింది. దాని పేరు ఎస్.డి.కె.-85. సిస్టమ్ డిజైన్ కిట్ అన్నది పూర్తి పేరు. ఒకే బోర్డు మీద 8085, రెండు కిలోబైట్ల మానిటర్ ప్రోగ్రాము, 256 బైట్ల ర్యామ్, ఆరు ఎర్రని అంకెల డిస్‌ప్లే, 24 మీటల కీప్యాడు. అదే పోలికలో మన దేశంలో తయారైన కిట్లు తర్వాత ఎన్నో ఇంజనీరింగ్ కాలేజీల ప్రయోగశాలల్లోకి వచ్చాయి.

ఆ కిట్టు మీద ఒక్క చిన్న దీపం వెలిగించాలంటే ఏం చేసేవాళ్ళం? తెల్ల కాగితం మీద అసెంబ్లీ భాషలో ప్రోగ్రాము రాసుకుని, ఆదేశాల పట్టిక దగ్గర పెట్టుకుని, ఒక్కొక్క ఆదేశానికీ సంకేతాన్ని చేత్తో వెతికి పక్కన వేసుకునేవాళ్ళం. 'ఎం.వి.ఐ. ఎ' అంటే 3ఇ. 'అవుట్' అంటే డి3. 'హాల్ట్' అంటే 76. (ఇక్కడ సభలో ఎవరో నాకంటే ముందే "76" అన్నారు. నలభై ఏళ్ళయినా మరచిపోలేదన్నమాట!) ఆ సంకేతాలను మీటలు నొక్కి ఒక్కొక్కటిగా ఎక్కించాలి. మధ్యలో కరెంటు పోతే అంతా గల్లంతు, మళ్ళీ మొదటి నుంచి. అన్నీ సరిపోయాక 2716 అనే ఈప్రామ్ చిప్పులోకి కాల్చి ఎక్కించేవాళ్ళం. తప్పుంటే దాని నడినెత్తి మీది గాజు కిటికీకి అంటించిన కాగితం పీకి, అతినీలలోహిత దీపం కింద పావుగంట, ఇరవై నిమిషాలు ఉంచి చెరపాలి. ఆ ఇరవై నిమిషాలూ మనం క్యాంటీనులో టీ తాగేవాళ్ళం. నిజం చెప్పాలంటే, తప్పులు దొరికేది ప్రయోగశాలలో కాదు, ఆ టీ బల్ల దగ్గరే.

కష్టమే. కాని ఆ కష్టంలో ఒక లాభం ఉండేది. బోర్డు మీద జరిగే ప్రతి సంగతీ మనకు తెలుసు. ఎందుకంటే ప్రతి సంగతీ మనమే రాశాం.

ఇక నేటి సంగతి. పదవీ విరమణ చేశాక కొన్నేళ్ళు నేను సోల్డరింగ్ ఐరన్ ముట్టలేదు. రెండేళ్ళ కిందట ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం చదువుతున్న మా మనవరాలు సెలవులకు వచ్చి, అరచేతిలో ఒక బోర్డు పెట్టి, "తాతయ్యా, ఇది చూడు" అంది. ఇలాంటివి ఇప్పుడు చాలా ఉన్నాయి. 2005లో ఇటలీలో మొదలైన ఆర్డుయినో, 2016లో వచ్చిన ఇ.ఎస్.పి.32, 2021 జనవరిలో నాలుగు డాలర్ల ధరకు విడుదలైన రాస్‌బెర్రీ పై పికో ఈ కోవలోవే. పికోనే తీసుకోండి. వెడల్పు 21, పొడవు 51 మిల్లీమీటర్లు. అందులో ర్యామ్ 264 కిలోబైట్లు. అంటే నాటి ఎస్.డి.కె.-85లో ఉన్నదానికి వెయ్యి రెట్ల పైమాటే.

ఇటువంటి బోర్డుకు తయారీదారులు ఇంటర్నెట్టులో ఉచితంగా ఇచ్చే సాధన సామగ్రిని ఎస్.డి.కె. అంటారు. ఇప్పుడు దాని అర్థం సాఫ్ట్‌వేర్ డెవలప్‌మెంట్ కిట్. అక్షరాలు అవే, పెట్టెలో సరుకు మారింది. అప్పటి కిట్టు చేతికి తగిలేది. ఇప్పటి కిట్టు చేతికి తగలదు, కంప్యూటర్‌లో కూర్చుంటుంది.

ఆ సరుకేమిటో చెబుతాను. మొదటిది కంపైలర్. మనం సి భాషలో రాసినదాన్ని ఆ చిప్పుకు అర్థమయ్యే సంకేతాలుగా మారుస్తుంది. మనం చేత్తో పట్టిక వెతికిన పని అదే, రెప్పపాటులో అవుతుంది. రాసేది మన కంప్యూటర్‌లో, నడిచేది ఆ చిన్న చిప్పులో కనుక దీన్ని క్రాస్ కంపైలర్ అంటారు. రెండోది లైబ్రరీలు. దీపం వెలిగించడం, మీట నొక్కారా లేదా చూడటం, వైఫైకి కలవడం వంటి పనులకు ముందే రాసిపెట్టిన ప్రోగ్రాములు. మూడోది, కరెంటు రాగానే చిప్పును నిద్ర లేపి మన ప్రోగ్రాము గుమ్మం దాకా తీసుకొచ్చే తొలి కోడు. ఏ ముక్క మెమరీలో ఎక్కడ కూర్చోవాలో చెప్పే పట్టిక. నాలుగోది, ప్రోగ్రామును చిప్పులోకి ఎక్కించే, నడుస్తుండగా ఆపి లోపల చూసే పనిముట్లు. మనం ఆసిలోస్కోపు ముల్లు పెట్టి చూసినట్టే. అయిదోది నమూనా ప్రోగ్రాములు. ఈ అయిదోదాన్ని గుర్తుంచుకోండి, మన కథంతా అక్కడే ఉంది.

నేను పాత అలవాటు కొద్దీ ముందు ఆ చిప్పు డేటాషీటు తెరిచాను. వందల పేజీలు. మనవరాలు నవ్వి, "తాతయ్యా, నువ్వది చదువుతూ కూర్చుంటే వచ్చే సంక్రాంతికి కూడా దీపం వెలగదు" అంది. కిట్టులోంచి నమూనా ఒకటి తీసింది. ఈ కాలు బయటికి పంపేది, దీపం వెలిగించు, అర సెకను ఆగు, ఆర్పు, మళ్ళీ ఆగు. అంతే ప్రోగ్రాము. బోర్డు మీది బొత్తం నొక్కి పట్టుకుని యు.ఎస్.బి. వైరు తగిలించగానే బోర్డు పెన్‌డ్రైవ్ లాగా కనిపించింది. ఫైలు దానిలో పడేసింది. దీపం మిణుకుమంది. కాఫీ చల్లారేలోపు అయిపోయింది. నాకు సంతోషమూ వేసింది, కొంచెం అసూయా వేసింది.

సభలోని అమ్మలకు ఈ తేడా ఇట్టే తెలుస్తుంది. మా అమ్మ పులిహోర చేస్తే చింతపండు నానబెట్టి, పులుసు తీసి, ఉడికించి, పోపు పెట్టి, పొద్దున్నుంచీ అదే పని. ఇప్పుడు పులిహోర పేస్టు సీసాలో వస్తుంది. అన్నంలో కలుపుకోవడమే. తప్పేమీ లేదు, నేనూ తింటాను. కాని ఆ సీసాలో ఉప్పు ఎంత వేశారో చూడకుండా మన అలవాటు కొద్దీ మరో చెంచా వేశామా, పళ్ళెం పక్కకు నెట్టాల్సిందే. ఎస్.డి.కె. అలాంటి సీసా. అందులో ముందే వేసిన ఉప్పు ఎంతో చూసుకోవాలి. వేయనిదేమిటో కూడా చూసుకోవాలి.

నేను చూసుకోలేదు. అది చెబుతాను.

మా సెక్షన్‌లో ఇరవై ఆరేళ్ళు నా పక్క బల్ల దగ్గర పనిచేసిన మిత్రులు ఈయన. భార్య పోయి మూడేళ్ళయింది. పిల్లలిద్దరూ అమెరికాలో. ఫ్లాటులో ఒక్కరే ఉంటారు. ఉదయం ఎనిమిదికి ఒక బి.పి. మాత్ర, రాత్రి ఎనిమిదిన్నరకు మరొకటి. మాత్ర వేసుకున్నాక గోడమీది తెలుగు క్యాలెండరులో తేదీ పక్కన పెన్సిలుతో గీత పెట్టడం ఆయన పద్ధతి. ఒక్కోసారి గీత పెట్టడం మరిచిపోయి, వేసుకున్నానా లేదా అని తికమక పడేవారు. ఒకరోజు నాతో, "ఏవోయ్, నలభై ఏళ్ళు దేశానికి పరికరాలు చేశావు, నాకో గంట చెయ్యలేవా?" అన్నారు.

అడిగిందే తడవు నేను మొదలుపెట్టాను. వైఫై ఉన్న ఒక బోర్డు, ఒక బజరు, రెండు అరల ప్లాస్టిక్ పెట్టె, మూతకొక స్విచ్చి. వేళకు బజరు మోగాలి. మూత తెరిస్తే ఆగాలి. ముందే తెరిచి మాత్ర తీసుకుని ఉంటే అసలు మోగకూడదు. చిక్కల్లా సమయంతో. ఆ బోర్డుకు సొంత గడియారం నిలవదు, కరెంటు పోతే వేళ మరిచిపోతుంది. అందుకని ఇంటర్నెట్టు నుంచి సమయం తెచ్చుకునే నమూనా ప్రోగ్రాము ఒకటి కిట్టులో దొరికితే దాన్నే పునాదిగా పెట్టుకున్నాను.

మొదటిరోజే ఒక వేడుక జరిగింది. ఇంటర్నెట్టు సమయం గ్రీనిచ్ లెక్కలో వస్తుంది. దానికి అయిదున్నర గంటలు మనం కలుపుకోవాలి. నేను కలపలేదు. ఉదయం ఎనిమిదికి మోగవలసిన గంట మధ్యాహ్నం ఒకటిన్నరకు మోగింది. "భోజనాల గంట బాగుంది" అంది మా ఆవిడ. అది సరిచేసి, వారం రోజులు ఇంట్లో నడిపించి, పెట్టె తీసుకెళ్ళి మిత్రుల ఇంట్లో పెట్టాను. రెండు నెలలు చక్కగా పనిచేసింది. ఆయన క్యాలెండరు గీతలు మానేశారు. వచ్చినవాళ్ళకల్లా పెట్టె చూపించి నా పేరు చెప్పేవారు. నేనూ పొంగిపోయాను.

వానాకాలంలో ఒక రాత్రి గాలివానకు కరెంటు పోయి, తెల్లవారుజామున వచ్చింది. ఆ ఉదయం గంట మోగలేదు. రాత్రీ మోగలేదు. మర్నాడూ మోగలేదు. మూడోరోజు ఉదయం ఆయన తలుపు తీయబోయి కళ్ళు తిరిగి గుమ్మంలో పడిపోయారు. పక్క ఫ్లాటు వాళ్ళు చూసి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. బి.పి. బాగా పెరిగిపోయి ఉంది. మూడు రోజులు అక్కడ ఉండి దేవుడి దయవల్ల క్షేమంగా ఇంటికి వచ్చారు. నేను వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "పచ్చ దీపం వెలుగుతూనే ఉందోయ్, పెట్టె బాగానే ఉందనుకున్నాను. మోగలేదంటే ముందే మాత్ర తీసుకుని ఉంటాననుకున్నాను" అన్నారు. ఆయన తప్పేముంది? నేను ఆయనకు నేర్పిన లెక్కే అది. ఆ పెట్టె భాషలో నిశ్శబ్దం అంటే అంతా క్షేమమని అర్థం.

పెట్టె ఇంటికి తెచ్చి విప్పాను. కారణం అరగంటలో దొరికింది. కరెంటు రాగానే నా బోర్డు ఒక్క క్షణంలో లేచి వైఫై కోసం వెతికింది. కాని ఇంట్లోని వైఫై రౌటరుకు లేచి కుదుటపడటానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. నమూనా ప్రోగ్రాము పది సెకన్లు వెతికి, వైఫై దొరకకపోతే 'కలవలేకపోయాను' అని ఒక వాక్యం రాసి ముగిసిపోతుంది. ఆ వాక్యం ఎక్కడికి వెళుతుంది? యు.ఎస్.బి. వైరు గుండా కంప్యూటర్ తెర మీదికి. మిత్రుల ఇంట్లో పెట్టెకు కంప్యూటరే లేదు. ఎవరూ లేని గదిలో చెప్పి ఊరుకుంది, పాపం. మరి పచ్చ దీపం? దాన్ని నేను నేరుగా కరెంటుకు కలిపాను. కరెంటు ఉందని చెబుతుంది, ప్రోగ్రాము బతికి ఉందని చెప్పదు.

ఆ నమూనా రాసినవారి తప్పు ఇందులో ఇసుమంతా లేదు. సమయం ఎలా తెచ్చుకోవాలో నేర్పడానికి రాశారు, నేర్పింది. బల్లమీద, కంప్యూటర్ పక్కన కూర్చుని నేర్చుకునేవాడికి అది చాలు. దాన్ని తీసుకెళ్ళి ఒక మనిషి ప్రాణానికి కాపలా పెట్టినవాణ్ణి నేను. నమూనా వేరు, పనిముట్టు వేరు అన్న సంగతి జీవితమంతా తెలిసి కూడా మరిచిపోయాను. ఎందుకు మరిచానంటే పని సులువుగా అయిపోయింది కనుక.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో నాకు మొదటి ఏడాది మా సీనియర్ ఒకరు వేసిన ప్రశ్న గుర్తొచ్చింది. "ఉష్ణోగ్రతో, పీడనమో తీగ మీద పంపేటప్పుడు 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్లు పంపుతారు. సున్నా నుంచి ఎందుకు మొదలుపెట్టరు? నాలుగు నుంచి ఎందుకు?" ఇక్కడున్న వాళ్ళలో సగం మందికి జవాబు నాలుక చివర ఉంటుంది. సున్నా విలువకు సున్నా కరెంటే పంపితే, తీగ తెగినా సున్నాయే కనిపిస్తుంది. నాలుగు వస్తే విలువ సున్నా, తీగ క్షేమం. అసలేమీ రాకపోతే తీగ తెగింది. పరికరం చచ్చిపోతే ఆ సంగతి మనకు తెలియాలి. నిశ్శబ్దానికి ఎప్పుడూ క్షేమం అన్న అర్థం ఇవ్వకూడదు. రైలు సిగ్నళ్ళూ ఇదే నియమం మీద నడుస్తాయి. ఏదైనా చెడితే సిగ్నలు ఎరుపుకే తిరగాలి, ఆకుపచ్చకు తిరగకూడదు.

నలభై ఏళ్ళ కిందట నేర్చిన ఈ ముక్క ఏ ఎస్.డి.కె.లోనూ డౌన్‌లోడ్ కాదు. అది మనం తెచ్చుకోవాలి.

తర్వాత ఆ పెట్టెను మళ్ళీ మొదటి నుంచి కట్టాను. ఈసారి టీ బల్ల పద్ధతిలో, ముందు కాగితం మీద ఒక పట్టిక వేశాను. ఎడమవైపు 'ఇలా అయితే', కుడివైపు 'ఏమవుతుంది'. సరిగ్గా ఎనిమిదింటికే కరెంటు పోతే? రౌటరు పాడైతే? రెండూ ఒకేసారి జరిగితే? గడియారం ఆగిపోతే? ప్రోగ్రాము మధ్యలో బిగుసుకుపోతే? జవాబు లేని ప్రతి వరుసా ఒక గుంటే, మిత్రులు అందులో పడవచ్చు.

మొదట, డి.ఎస్.3231 అనే గడియారం చిప్పు తగిలించాను. దానికి నాణెమంత బ్యాటరీ ఉంటుంది. మన ఇళ్ళలో ఉండే వేడిమిలో ఏడాదికి దాని తేడా సుమారు ఒక నిమిషమే. ఇప్పుడు పెట్టె ఇంటర్నెట్టును సమయం సరిచూసుకోవడానికి మాత్రమే వాడుతుంది. దొరకకపోతే తన పని తాను చేసుకుంటూ, పది నిమిషాలకోసారి మళ్ళీ ప్రయత్నిస్తుంది. ఆ గడియారం ఎప్పుడైనా ఆగి ఉంటే దానిలో ఒక బిట్టు నిలబడి ఉంటుంది. దాన్ని చదివి, తప్పు సమయం నమ్మకుండా వేరే రకంగా మోగి పిలుస్తుంది.

రెండోది వాచ్‌డాగ్. కాపలా కుక్క అనుకోండి. చిప్పులో ఒక లెక్క తిరుగుతూ ఉంటుంది. ప్రోగ్రాము గడువులోపల దాన్ని తట్టి 'నేను బతికే ఉన్నాను' అని చెప్పాలి. చెప్పకపోతే చిప్పును మళ్ళీ మొదటి నుంచి లేపుతుంది. నా బోర్డులో ఆ గడువు గరిష్ఠంగా ఎనిమిది సెకన్ల చిల్లర. కిట్టులో ఈ సదుపాయం ముందే ఉంది, ఒక్క వరుస రాస్తే చాలు. నేను ఆ ఒక్క వరుస రాయలేదు. ఇక్కడ పిల్లలకు ఒక హెచ్చరిక. ఈ తట్టే పనిని దానంతటది కొట్టుకునే టైమరుకు అప్పగించకండి. అసలు పని బిగుసుకుపోయినా టైమరు తడుతూనే ఉంటుంది, కుక్క నిద్రపోతుంది. వేళ చూడటం, మూత చూడటం పూర్తయిన తర్వాతే తట్టాలి.

మూడోది పచ్చ దీపం. ఇప్పుడు దాన్ని ప్రోగ్రామే వెలిగించి ఆర్పుతుంది. మిణుకుతుంటే క్షేమం. ఆరిపోయినా, కదలకుండా వెలుగుతున్నా నన్ను పిలవమని మిత్రులకు చెప్పాను. అది మా 4 మిల్లీ ఆంపియర్లు.

నాలుగోది కరెంటు. మొదట ఫోన్లకు వాడే పవర్ బ్యాంకు పెట్టాను. నా పెట్టె తీసుకునే కరెంటు మరీ తక్కువ కావడంతో, ఏమీ తగిలించలేదనుకుని పవర్ బ్యాంకు తనంతట తానే ఆగిపోయింది! పట్టిక వేసి పరీక్షించాను కనుక ఇంట్లోనే బయటపడింది. తర్వాత చార్జి చేసే చిన్న సెల్లు, దానికి తగిన చార్జరు బోర్డు విడిగా కొని పెట్టాను.

అయిదోది, రోజూ ఉదయం ఎనిమిదింపావుకు ఆ పెట్టె నా ఫోనుకు ఒక సందేశం పంపుతుంది. మూత తెరిచారో లేదో అందులో ఉంటుంది. సందేశం రాకపోతే, లేక తెరవలేదని వస్తే, నేను ఆయనకు ఫోను చేస్తాను.

ఇదంతా చూసి, ఇంత చిన్న పెట్టెకు ఇంత హడావిడా అనిపించవచ్చు. పెద్ద పెద్ద వాళ్ళకూ తప్పలేదు. 1997 జూలై 4న అమెరికా వాళ్ళ పాత్‌ఫైండర్ నౌక అంగారక గ్రహం మీద దిగింది. దిగిన కొద్ది రోజులకు దానిలోని కంప్యూటర్ ఉండి ఉండి మళ్ళీ మొదటి నుంచి లేవడం మొదలుపెట్టింది. వాళ్ళు వాడినది మార్కెట్టులో కొన్న వి.ఎక్స్.వర్క్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్. పెద్ద పని చేయవలసిన భాగం ఒకటి, వాతావరణం కొలిచే చిన్న భాగం తాళం వదిలేదాకా వేచి ఉండాల్సి వచ్చేది. ఈలోగా మధ్యస్థమైన పని ఒకటి దూరి ఆ చిన్న భాగాన్ని కదలనిచ్చేది కాదు. దీనికి విరుగుడు ఆ సిస్టమ్‌లోనే ఒక ఎంపిక రూపంలో ఉంది. కాని ఆ ఒక్క చోట అది వేసి లేదు. కాపలా ఉంది కనుక నౌక ప్రతిసారీ లేచి కూర్చుంది. భూమి మీద నమూనా యంత్రంతో కారణం కనుక్కుని, ఆ ఎంపికను ఇక్కడి నుంచే మార్చారు. నాకు ఇందులో రెండు పాఠాలు కనిపించాయి. ఒకటి, కొన్న సరుకులో ఏ మీట ఎలా వేసి ఉందో చూసుకోవాలి. రెండు, మన కంట పడని తప్పు తప్పకుండా ఉంటుంది కనుక, అది జరిగినప్పుడు తెలిసేలా, లేచేలా కట్టుకోవాలి.

యువతరానికి నేను ఎస్.డి.కె. వాడవద్దని చెప్పడం లేదు. తప్పకుండా వాడండి. వైఫైకి కలిసే ప్రోగ్రాము నేను సొంతంగా రాయాలంటే ఈ జన్మ చాలదు. కాని మూడు పనులు చేయండి. కిట్టులోంచి తెచ్చుకున్న ప్రతి ఆదేశం విఫలమైతే ఏం చేస్తుందో దాని పుస్తకంలో చదవండి. ఎంతసేపు ఆగుతుంది, ఆగాక ఏం తిరిగి చెబుతుంది, చెప్పినదాన్ని మీరు వింటున్నారా? రెండోది, మీరు వాడిన కిట్టు ఏ వెర్షనో కాగితం మీద రాసి పెట్టెలోపల అంటించండి. కొత్త వెర్షన్ వచ్చాక పాత ప్రోగ్రాము మళ్ళీ కంపైల్ కాకపోవచ్చు. మూడోది, పనిచేస్తున్నప్పుడు చూసి సంతోషించకండి. ప్లగ్గు పీకి చూడండి. నేను ఆ రెండో పెట్టెకు ఎన్నిసార్లు ప్లగ్గు పీకానో మా ఆవిడ నడిగితే చెబుతుంది.

కుటుంబ సభ్యులకూ ఒక మాట. ఇలాంటి పెట్టెలు, ఫోనులో గంటలు అన్నీ జ్ఞాపకం చేయడానికే. డాక్టరుకు, మనిషికి బదులు కావు. పెద్దవాళ్ళకు యంత్రం కొనిచ్చేటప్పుడు, అది రాకముందు వాళ్ళకున్న పద్ధతిని చెరిపేయకండి. నేను చేసిన అసలు తప్పు వైఫై కాదు. గోడమీది క్యాలెండరును పనిలేకుండా చేయడం.

చివరగా ఒక విన్నపం. మన సంఘం గది శనివారాలు ఖాళీగానే ఉంటుంది. ఇంజనీరింగ్ చదివే మన పిల్లలు, మనవలు తాము చేసే ప్రాజెక్టులు అక్కడికి తెస్తే మనం కూర్చుని చూద్దాం. కొత్త కిట్లు మనకు రాకపోవచ్చు, అవి వాళ్ళు నేర్పుతారు. 'ఇలా అయితే ఏమవుతుంది?' అని అడగడం మనకు వచ్చు. బాయిలర్ల దగ్గర, కంట్రోల్ ప్యానెళ్ళ దగ్గర, రాత్రి డ్యూటీల్లో ఆ ప్రశ్నతోనే మనం పెన్షనుదాకా వచ్చాం. అది మనతో పాటే పోనివ్వకూడదు. టీ ఖర్చు నాది.

మిత్రుల సంగతి చెప్పి ముగిస్తాను. కొత్త పెట్టె ఆయన ఇంట్లో పెట్టినరోజు నేను భయపడుతూనే, "మళ్ళీ నమ్ముతావా?" అని అడిగాను. ఆయన లేచి వెళ్ళి, అటకమీద పడేసిన క్యాలెండరు తెచ్చి మేకుకు తగిలించారు. "నీ పెట్టెను ఇది కనిపెడుతుంది, దీన్ని నీ పెట్టె కనిపెడుతుంది, మా ఇద్దరినీ నువ్వు కనిపెట్టు" అన్నారు. అప్పటినుంచి ఉదయం ఎనిమిదింపావుకు సందేశం వచ్చినా కూడా నేను ఫోను చేస్తూనే ఉన్నాను.